8×42 బైనాక్యులర్: ఇంటి చుట్టుపక్కల పిట్టలకు ఇది చాలు

బైనాక్యులర్ కొనాలనుకునే వాళ్ళు ముందు అడిగేది ఒకటే: "ఎంత దగ్గరగా కనిపిస్తుంది?" కొన్నేళ్ళుగా 8×42 వాడుతున్నాను కాబట్టి చెప్తున్నా, చుట్టుపక్కల చెట్ల మీద పిట్టల కోసమే అయితే ఎంత వెడల్పు కనిపిస్తుందో అడగండి.

8 అంటే ఎనిమిది రెట్లు. 40 మీటర్ల దూరంలో ఉన్న పిట్ట 5 మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. 42 అంటే ముందు లెన్స్ వ్యాసం, మిల్లీమీటర్లలో. నా దాంట్లో వెయ్యి మీటర్ల దూరాన దాదాపు 130 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. అంటే 40 మీటర్ల అవతలి చెట్టు దగ్గర 5 మీటర్ల పైచిలుకు. తేనెపిట్ట ఒక పువ్వు మీద క్షణం ఆగి ఇంకో కొమ్మకు పోతుంది, దాన్ని అందుకోవాలంటే ఆ వెడల్పే దిక్కు. ఫ్రెండ్ దగ్గర 10×42 ఉంటే తీసుకుని చూశాను. పిట్ట పెద్దగానే కనిపిస్తుంది, దొరికితే! మన చేతి వణుకునూ అది పది రెట్లు చేసి చూపిస్తుంది.

వసంతం మొదట్లో ఈ సాధనానికి పూర్తి న్యాయం జరుగుతుంది. చాలా చెట్లకు ఆకు రాలి, కొత్త చిగురు ఇంకా విచ్చుకోదు. పగటి పొడవు పెరిగే కొద్దీ పిట్టలకు జత కట్టే రోజులు వస్తాయి, మగవి గొంతు విప్పుతాయి. కూత వినిపించాక కొమ్మల మధ్య వెతుక్కునే వీలు ఈ కొద్ది వారాలే. కోయిలకు మాత్రం ఇది వర్తించదు, అది ఎప్పుడూ దట్టమైన ఆకుల్లోనే నక్కి ఉంటుంది. ఒకటి రెండుసార్లు ఆకుల సందులోంచి ఎర్రటి కన్ను ఒక్కటే దొరికింది.

నాకు పైసా వసూలు చేయించింది కంసాలిపిట్ట. "టుక్, టుక్, టుక్" అని సుత్తి దెబ్బల్లా ఆగకుండా వినిపిస్తుంది, మనిషికి మాత్రం కనపడదు. పిచ్చుక కంటే కాస్త పెద్దది, పచ్చటి ఒళ్ళు. పొద్దున్నే ఎండ కోసం ఆకులు లేని చిటారు కొమ్మ మీదికి వచ్చి కూర్చుంటుంది. అప్పుడు ఫోకస్ నిదానంగా తిప్పుతూ చూడండి. నుదుటి మీద ఎర్రటి మచ్చ, గొంతు మీద పసుపు, ముక్కు మొదట్లో మీసాల్లాంటి వెంట్రుకలు. ముక్కు మూసే ఉంటుంది! ప్రతి "టుక్"కీ గొంతు మాత్రం ఉబ్బుతుంది. కూస్తూ తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి శబ్దం ఒకసారి కుడివైపు నుంచి, ఒకసారి ఎడమవైపు నుంచి వచ్చినట్టు ఉంటుంది. ఉత్త కళ్ళతో ఇదంతా ఎక్కడ తెలుస్తుంది? ఎండిన కొమ్మకు కింది వైపు గుండ్రటి తొర్ర ఉంటే దాని మీదా ఒక కన్నేయండి. అది దీని గూడు కావచ్చు.

తెల్లవారుజామున వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు కూడా బొమ్మ బాగానే ఉంటుంది. 42ని 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లే కంటికి చేరే వెలుగు వలయం. జేబులో పట్టే 8×25లో అది 3 దగ్గరే ఆగిపోతుంది. పిట్టల సందడంతా ఆ వేళే కాబట్టి చిన్నది కొని మిగిలే బరువు నాకు లాభంగా అనిపించలేదు.

బరువు సంగతి వచ్చింది కాబట్టి, ఇది ముప్పావు కిలోకి కాస్త తక్కువ. మెడ వెనక్కి వంచి చెట్టు చివర్లు చూస్తుంటే పావుగంటకే భుజాలు పట్టేస్తాయి. మెడకు వేసుకునే పట్టీ తీసేసి, రెండు భుజాల మీదా పడే హార్నెస్ పెట్టుకున్నాక నడిచేటప్పుడు ప్రాణం హాయిగా ఉంది. చేతుల నొప్పి మాత్రం అలాగే ఉంది. మోచేతులు గోడకో రెయిలింగ్‌కో ఆనించడమే మార్గం.

లోపాలున్నాయి. తెల్లటి ఆకాశం ముందు మోడు కొమ్మ మీద కాకి వాలితే, దాని అంచు చుట్టూ ఊదారంగు గీత కనిపిస్తుంది. సూర్యుణ్ణి వీపు వైపు పెట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది. ఎలాగూ సూర్యుడి వైపు దీన్ని తిప్పకూడదు, కళ్ళు పోతాయి. కంటి దగ్గర ఉండే రబ్బరు కప్పు రెండో ఏడాదికే వదులైంది. కంపెనీకి రాస్తే "మీ ఫిర్యాదు అందింది" అన్న జవాబొక్కటే వచ్చింది, కప్పు రాలేదు. లోపల నైట్రోజన్ నింపిన రకం కావడంతో మంచు పొద్దుల్లోనూ లోపలి అద్దాలకు ఆవిరి పట్టలేదు, అది మాత్రం మెచ్చుకోవాలి.

ఏ రివ్యూలోనూ నాకు కనపడని ఇబ్బంది ఇంకొకటి: మనం చూస్తున్నది చెట్టునని ఎదురింటి వాళ్ళకు తెలియదు. చెట్టు వెనకాలే వాళ్ళ కిటికీ ఉంటే ఆ పూటకు ఆ చెట్టును వదిలేయడమే మేలు. లేదంటే ముందే పలకరించి ఒకసారి వాళ్ళ చేతికే ఇవ్వండి. మా పక్కింటాయన ఇప్పుడు తనే పిలిచి, వడ్రంగిపిట్ట ఏ కొమ్మ మీదుందో చెప్తున్నారు.

కొత్తగా కొన్నవాళ్ళు పిట్ట కనపడగానే కిందికి చూసి బైనాక్యులర్ తీసి మళ్ళీ పైకి వెతుకుతారు. చూపు పిట్ట మీదే ఉంచి, బైనాక్యులర్‌ను కళ్ళ దగ్గరికి తెచ్చుకోవాలి. దీనికంటే ముందు కుడి కన్ను దగ్గరుండే రింగు తిప్పి రెండు కళ్ళకూ సరిచేసుకోండి. అది చేయకపోతే ఎంత ఖరీదైనదైనా తలనొప్పే. కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఐ రిలీఫ్ (బొమ్మ మొత్తం కనిపిస్తూనే కంటి వైపు లెన్స్‌కీ కంటికీ మధ్య ఉండగల దూరం) కనీసం 15 మిల్లీమీటర్లు ఉందో లేదో చూసి, కళ్ళజోడుతోనే పరీక్షించి కొనండి. బొమ్మ చుట్టూ నల్లటి అంచు కమ్ముకొస్తుంటే ఆ మోడల్ మీకు పనికిరాదు.