.308 రైఫిల్ కొన్నేళ్లు వాడాక చెప్తున్నా: అంతా బాగుంది, కంపెనీ బ్యారెల్ తప్ప

నేను టెక్సాస్‌లో ఉంటా. రేంజ్‌కీ, నవంబర్‌లో మొదలయ్యే జింకల సీజన్‌కీ రెండిటికీ పనికొస్తుందని .308 విన్‌చెస్టర్ తూటా వాడే ఒక మిడ్‌రేంజ్ బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి షాట్‌కీ చేత్తో బోల్ట్ లాగేది) కొన్నా, కంపెనీ పేరు చెప్పను. బోల్ట్ స్మూత్, ట్రిగ్గర్ చాలా బాగుంది, మ్యాగజైన్ ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. గొడవంతా బ్యారెల్‌తోనే.

సబ్ ఎంఓఏ గ్యారంటీ అని అమ్ముతారు కదా, అంటే 100 యార్డ్స్‌లో గ్రూప్, అంటే టార్గెట్ మీద పడ్డ షాట్లు ఎంత దూరం చెదిరాయో అది, సుమారు అంగుళం లోపు రావాలి. కానీ నా రైఫిల్‌కి ఇచ్చిన గ్యారంటీ మూడు షాట్లకే, అదీ మంచి మ్యాచ్ అమ్మోతో (పోటీల కోసం చేసే తూటాలతో). నాది చల్లగా ఉన్నప్పుడు మొదటి మూడు దగ్గర దగ్గరగానే పడేవి, నాలుగోది ఐదోది పైకి కుడిపక్కకి జరిగిపోయేవి, చల్లారనిచ్చి కాలిస్తే మళ్లీ మొదటి చోటికే వచ్చేవి. స్కోప్ మార్చా, మౌంట్ స్క్రూలు టార్క్ రెంచ్‌తో బిగించా, స్టాక్ ఎక్కడైనా తగుల్తుందేమో అని బ్యారెల్ కింద కాగితం లాగి చూశా, ఎక్కడా ఆగలేదు. అంటే లోపం ఉక్కులోనే. రైఫ్లింగ్‌ని, అంటే బ్యారెల్ లోపలి మెలితిరిగిన గాడుల్ని, బటన్ అనే గట్టి పనిముట్టుతో తీసినా హ్యామర్ ఫోర్జింగ్‌తో చేసినా లోపల స్ట్రెస్ మిగుల్తుంది, దాన్ని సరిగ్గా తీసేయకపోతే వేడెక్కేకొద్దీ బ్యారెల్ కొంచెం కొంచెం వంగుతుంది.

క్లీనింగ్ ఇంకో నరకం. కాపర్ సాల్వెంట్ పెట్టిన ప్యాచ్‌లు ఎన్ని లాగినా నీలంగానే వచ్చేవి, అంటే లోపల రాగి ఇంకా ఉన్నట్టే. బోర్‌స్కోప్ (బ్యారెల్ లోపల చూసే సన్నటి కెమెరా) పెట్టి చూస్తే తెలిసింది, థ్రోట్ (రైఫ్లింగ్ మొదలయ్యే చోటు) నుంచి కొంత దూరం దాకా అడ్డగీతలు, కొబ్బరి కోరాంలా బుల్లెట్ మీది రాగిని గీకేస్తున్నాయి. పైగా రైఫ్లింగ్ ఒక పక్క ముందే మొదలై ఎదురు పక్క ఆలస్యంగా మొదలవుతోంది, అంటే చాంబర్ (తూటా కూర్చునే గది) బోర్‌కి (బ్యారెల్ రంధ్రానికి) సెంటర్‌లో కోయలేదన్నమాట, బుల్లెట్ మొదట్లోనే వంకరగా ఎక్కుతుంది. క్రౌన్ (బ్యారెల్ మూతి) అంచున చిన్న బర్ (పైకి లేచిన లోహపు ముక్క) కూడా ఉంది. ఇవేవీ బయట్నుంచి చూస్తే కనబడవు, పైన బ్లూయింగ్ (తుప్పు పట్టకుండా చేసే నీలి నలుపు పూత) మాత్రం అద్దంలా మెరిసిపోతుంటుంది!

వారంటీలో పంపిస్తే మూడు షాట్ల టార్గెట్ ఒకటి జతచేసి స్పెక్‌లోనే ఉందని తిప్పి పంపారు. నిజంగా కోపమొచ్చింది. వేడెక్కితే జరుగుతోందని నేను రాసి పంపితే చల్లటి బ్యారెల్‌తో మూడు కాల్చి చూపిస్తే ఏం ఉపయోగం.

గన్‌స్మిత్ దగ్గర క్రౌన్ మళ్లీ కోయిస్తే గ్రూప్ కొంచెం తగ్గింది గానీ వేడికి జరగడం పోలేదు. చివరికి లోపల చేత్తో ల్యాప్ చేసిన (అరగదీసి నునుపు చేసిన) స్టెయిన్‌లెస్ బ్యారెల్ వేయించా, హెడ్‌స్పేస్ (బోల్ట్‌కీ, చాంబర్‌లో తూటా ఆగే చోటుకీ మధ్య దూరం) గో, నో గో గేజ్‌లతో నా ముందే చెక్ చేశాడాయన. అదే యాక్షన్ (బోల్ట్ ఉండే భాగం), అదే స్కోప్, అదే అమ్మో, ఇప్పుడు పది షాట్లు వరసగా కాల్చినా ఒకచోటే. క్లీనింగ్ కూడా కాసేపట్లో అయిపోతుంది.

కొత్తది కొనేవాళ్లు షాపులో బోల్ట్ తీయించి బోర్‌స్కోప్‌తో లోపల చూడండి, వద్దంటే ఇంకో షాపుకెళ్లండి. కొన్నాక మాత్రం మూడుతో ఆపకండి, ఐదైనా వరసగా కాల్చి ఆ టార్గెట్లు దాచుకోండి, వారంటీకి అవే పంపాలి. ఇదే రైఫిల్ మళ్లీ కొంటావా అంటే ఆ యాక్షన్ కోసం కొంటా, కొత్త బ్యారెల్ ఖర్చు కూడా ముందే కలుపుకుని.