బేస్‌మెంట్ కిటికీ బయట మూడంచెల గోడ: ఆరేళ్ల అనుభవం

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ దగ్గర. అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తే ఆరు నెలలు ఉంటారు. వాళ్లకోసం బేస్‌మెంట్‌లో పడకగది కట్టించాం. నిప్పంటుకుంటే మెట్లదాకా వెళ్లే పని లేకుండా బయటపడేందుకు ఆ గదికి ఎగ్రెస్ కిటికీ తప్పనిసరి. కిటికీ నేలమట్టం కంటే కింద ఉంటుంది కాబట్టి బయట గుంత తవ్వి, మట్టి జారకుండా రిటైనింగ్ వాల్ కట్టాలి.

ఎక్కువమంది అర్ధచంద్రాకారపు స్టీలు తొట్టి దింపి, దానికో నిచ్చెన బిగిస్తారు. ఖర్చు తక్కువ, ఒక్కరోజు పని. పక్కింట్లో అదే ఉంది. అమ్మ చీరకట్టుతో, మోకాళ్ల నొప్పులతో, అర్ధరాత్రి పొగలో ఆ నిచ్చెన ఎక్కడం నాకు ఊహకే అందలేదు. అందుకే కాంక్రీటు బ్లాకులతో మూడు అంచెలుగా కట్టించాను.

కొలతలు ముందే చూసుకోవాలి. గుంత అడుగున కనీసం 36 అంగుళాల పొడవు, 36 అంగుళాల వెడల్పు ఖాళీ ఉండాలి. లోతు 44 అంగుళాలు దాటితే నిచ్చెనో మెట్లో తప్పవు. మాది 54 అంగుళాలు, అంచెకు 18 చొప్పున మూడు. మా కాంట్రాక్టరు గీసిన ప్లాన్‌లో ఆ 36 అంగుళాలు బ్లాకుల వెనక అంచు దాకా ఉన్నాయి. బ్లాకు మందమే 12 అంగుళాలు, అంటే మిగిలే ఖాళీ 24 అంగుళాలే! తవ్వకముందే గమనించాను కాబట్టి సరిపోయింది. అంచెలు ఒక్కోటీ వెనక్కి జరుగుతాయి కనుక పైన పెరడు చాలానే పోతుంది. అది ముందే ఒప్పుకోవాలి.

అసలు దెబ్బ నీళ్ల దగ్గర తగిలింది. తవ్విన బంకమట్టినే గోడ వెనక మళ్లీ నింపేశారు. మా వైపు నేల 42 అంగుళాల లోతు దాకా గడ్డకట్టవచ్చని లెక్కేసి పునాదులు వేస్తారు. నీళ్లు పట్టి ఉంచే మట్టి గడ్డకట్టి ఉబ్బితే బ్లాకులను తోసేస్తుంది. మొదటి చలికాలం అయ్యేసరికి పై అంచె ముందుకు వంగింది. మార్చిలో మంచు కరిగాక నీళ్లు కిటికీ అంచు దాకా వచ్చాయి. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రే లేదు. తర్వాత పై రెండు అంచెలు విప్పించి, గోడ వెనకంతా కంకర పోయించి, మట్టి కలవకుండా గుడ్డ పరిపించాను. గుంత అడుగున చిల్లుల పైపు వేయించి, పునాది డ్రెయిన్‌తో కలిపించాను. అక్కడి నుంచి నీళ్లు, వాటిని బయటికి తోడేసే సంప్ పంపులోకి పోతాయి. అప్పటినుంచి ఐదు చలికాలాలు గడిచినా బ్లాకు కదల్లేదు, గుంతలో చుక్క నిలవలేదు. ఈ పని మొదటే చేయించి ఉంటే గోడకు రెండుసార్లు డబ్బు పెట్టే బాధ తప్పేది.

వెలుతురు విషయంలో మాత్రం నేననుకున్నదానికంటే బాగుంది. అంచెలు వెనక్కి వాలి ఉండటంతో మధ్యాహ్నం గదిలో లైటు అక్కర్లేదు. నాన్న పేపరు అక్కడే చదువుకుంటారు. మధ్య అంచెలో అమ్మ వేసవికి పుదీనా వేస్తుంది. కాలు పెట్టే చోటు మాత్రం ఖాళీగా వదిలేయమన్నాను.

మంచు పడిన ప్రతిసారీ గుంత శుభ్రం చేయాల్సిందే. పైన పారదర్శక మూత వేశాక ఆ పని తగ్గింది. మూత కొనేటప్పుడు, లోపలినుంచి తాళంచెవి, పనిముట్టు లేకుండా తెరుచుకుంటుందో లేదో చూడండి.

అమ్మానాన్నలు వచ్చిన మొదటి వారంలోనే ఇద్దరిచేతా కిటికీలోంచి బయటికి ఎక్కిస్తాను. నాన్న తేలిగ్గా వచ్చేస్తారు. అమ్మ ఒక్కో అంచెమీద కూర్చుని, కాళ్లు పైకి తీసుకుని ఎక్కుతుంది. చివరి అంచె దగ్గర తనకు పట్టు దొరకడం లేదు. ఈసారి వాళ్లు వచ్చేలోపు అక్కడ ఒక కడ్డీ బిగించాలి.