డబ్ల్యూ124, ఈ46, ఏ4: సొంతంగా విప్పి బిగించుకునేవారికి ఏది మేలు?

“అన్నా, పాత బెంజ్ కొననా, పాత బీఎండబ్ల్యూ కొననా?” ఉద్యోగానికి జర్మనీలోని స్టుట్‌గార్ట్ వచ్చిన మనవాళ్ళలో ఎవరో ఒకరు ఏడాదికోసారైనా నన్ను ఇలా అడుగుతుంటారు. నా దగ్గర 1990 నాటి బెంజ్ 300 ఈ (డబ్ల్యూ124 రకం) ఒకటి, మా ఆవిడ నడిపే 2003 నాటి బీఎండబ్ల్యూ 325 ఐ (ఈ46 రకం) ఒకటి ఉన్నాయి. రెండింటికీ ఆయిల్ మార్చేదీ, బ్రేకు ప్యాడ్లు వేసేదీ నేనే. అందుకని నా దగ్గర సూటి జవాబు ఉంటుందని వాళ్ళ ఆశ.

జవాబు ఉంది. కాకపోతే ‘ఏది గట్టి కారు’ అనే ప్రశ్న దగ్గర మొదలుపెడితే అది దొరకదు. ముప్పై ఏళ్ళ కారూ పాడవుతుంది, ఇరవై ఏళ్ళ కారూ పాడవుతుంది. పాడయ్యే ముందు చెబుతుందా, విప్పబోతే చెయ్యి దూరుతుందా అని చూడాలి. కంపెనీ వర్క్‌షాపులో గంట కూలి వంద యూరోలు దాటే ఊళ్ళో మనలాంటివాడికి చేతిలో ఉన్నది శనివారం ఒక్కటే. ఆదివారం ఇక్కడ నిశ్శబ్దపు రోజు. నట్లు విప్పే ఇంపాక్ట్ గన్ మోగిందంటే పై అంతస్తు పెద్దావిడ కిటికీ తెరుస్తుంది. అపార్ట్‌మెంటు ఆవరణలో ఆయిల్ నేలపాలైతే మాట పడటంతో ఆగదు, జరిమానా దాకా పోతుంది. కాబట్టి కారు కిందికి దూరే పని ఏదైనా ఉంటే, గంటల లెక్కన లిఫ్టు అద్దెకిచ్చే గ్యారేజీకి పోవాల్సిందే. వాడిన ఆయిల్‌తో మాత్రం చిక్కు లేదు. రసీదు చూపిస్తే, అమ్మిన దుకాణమే అంత పరిమాణం వెనక్కి తీసుకోవాలని చట్టం.

ముందు బెంజ్ సంగతి. డబ్ల్యూ124 రకం 1984 చివర్లో బయటికి వచ్చింది, సెడాన్ 1995 దాకా తయారైంది. అన్ని ఆకారాలూ కలిపి పాతిక లక్షలకు పైగా తయారయ్యాయి. 1995లో పుణెలో మెర్సిడెస్ మన దేశంలో బిగించడం మొదలుపెట్టిన మొదటి కారు కూడా ఇదే. నా వయసు వాళ్ళకు హైదరాబాదులో ‘బెంజ్ కారు’ అంటే కళ్ళ ముందు మెదిలేది ఈ ఆకారమే.

ఈ కారు బానెట్ మామూలుగా తెరిస్తే మామూలుగానే ఉంటుంది. కీలు దగ్గరి గొళ్ళెం తప్పించి ఇంకాస్త ఎత్తితే మాత్రం నిట్టనిలువుగా నిలబడుతుంది. తల తగలదు, వెలుతురు నేరుగా ఇంజను మీద పడుతుంది. 300 ఈలో ఉన్న ఎం103 ఇంజనులో ఆరు సిలిండర్లు వరసగా ఉంటాయి. వాల్వుల టైమింగ్ నడిపేది బెల్టు కాదు, చెయిన్. దీని జబ్బులన్నీ నోరున్న జబ్బులు. వాల్వు సీళ్ళు ముదిరితే పొద్దున్నే స్టార్టు చేయగానే ఒక్క బుస నీలం పొగ వదులుతుంది. ఇంజను ముందు వైపు ప్యాకింగ్ వదిలితే టైమింగ్ కవరు మీద ఆయిల్ చెమటలా పడుతుంది. వెనక చక్రాలకు శక్తి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టును కలిపే రబ్బరు బిళ్ళ చీలితే గేరు పడిన ప్రతిసారీ అడుగున దడ్‌మంటుంది. ఇవి నెలల తరబడి చెబుతూనే ఉంటాయి. మనం వినకపోతే అది మన చెవుల తప్పు.

ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. కారు ఆగి ఉన్నప్పుడు ఇంజను వేగం ఊగిసలాడటం, దాంతోపాటే ఏబీఎస్ దీపం వెలగడం ఈ మోడల్‌లో పేరుమోసిన జబ్బు. బ్రేకుకూ ఇంజనుకూ సంబంధం ఏమిటని కొత్తవాళ్ళు బుర్ర బద్దలు కొట్టుకుంటారు. సంబంధం బ్యాటరీ వెనక గుచ్చి ఉన్న చిన్న రిలేలో, అంటే విద్యుత్తుతో నడిచే స్విచ్చులో ఉంది. వోల్టేజీ హద్దు మీరితే ఇంజెక్షన్ కంప్యూటర్‌నూ ఏబీఎస్ కంప్యూటర్‌నూ కాపాడటానికి పెట్టిన రిలే అది. దాని నెత్తిన ప్లాస్టిక్ మూత, మూత కింద పది ఆంపియర్ల ఫ్యూజు. ముందు ఆ ఫ్యూజు చూడండి. అది బాగుంటే రిలేను పైకి లాగి, లోహపు తొడుగు అంచులను సన్న స్క్రూడ్రైవరుతో మెల్లగా విప్పండి. లోపలి పలకను కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే, ఏదో ఒక పిన్ను చుట్టూ వెంట్రుకంత నల్లటి వలయం కనిపిస్తుంది. సోల్డరు పగిలిన గుర్తు అది. సోల్డరింగ్ ఐరన్ రెండు క్షణాలు ఆనిస్తే వలయం కరిగి వెండి బొట్టులా మెరుస్తుంది. దీపం ఆరుతుంది, ఇంజను కుదుటపడుతుంది. మా నాన్న చేతక్ స్కూటర్‌ను పక్కకు వంచి కిక్కు కొట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి. ఇలాంటి వైద్యం నాకు పండగలా ఉంటుంది.

పొగిడింది చాలు. ఈ 300 ఈలో పెట్రోలు పంపకం కేఈ జెట్రానిక్ అనే పద్ధతిలో నడుస్తుంది. సగం యంత్రం, సగం విద్యుత్తు. తీగ తగిలిస్తే తప్పు ఏమిటో తెరమీద రాసి చూపించే కాలం కాదది. మల్టీమీటర్ పెట్టి, పరీక్ష సాకెట్ దగ్గర అంకెలు చదివి, వాటి అర్థం మనమే ఊహించుకోవాలి. అది తెలిసిన మెకానిక్కులు ఒక్కొక్కరే పదవీ విరమణ చేస్తున్నారు. సిలిండర్లకు పెట్రోలు పంచే ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్ నిజంగా పోతే చౌక మార్గం లేదు. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, గాలి, పెట్రోలు మిశ్రమం సర్దే మరను మూడు మిల్లీమీటర్ల ఆలెన్ కీతో తిప్పాలన్న దురద. గాలి ఎక్కడ లీకవుతోందో చూడకుండా ఆ మర తిప్పినవాళ్ళ కార్లే ‘ప్రాజెక్టు కారు’ పేరుతో అమ్మకానికి వస్తాయి.

కేఈ జెట్రానిక్ వద్దనుకుని, 1993 తరవాత వచ్చిన ఈ320 వైపు చూస్తారు కొందరు. అందులోని ఎం104 ఇంజను ఇంకా బలమైనది, ఇంకా సున్నితంగా తిరుగుతుంది. కానీ ఆ ఏళ్ళ వైరింగ్‌కు వేసిన తొడుగు వేడికి పెళుసెక్కి బిస్కెట్టులా రాలిపోతుంది. కొనేముందు ఇంజను పక్కన వైరును వేలితో కాస్త వంచి చూడండి. పొట్టు రాలితే, మార్చిన రసీదు చూపించమని అడగండి.

ఇక తుప్పు. దీనికి మన శనివారాలు పనికిరావు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు పట్టి జాకీ పెట్టే చోట్లూ, వెనక స్ప్రింగు కూర్చునే చోటూ తినేస్తుంది. 1989 మార్పుల తరవాత వచ్చిన కార్లకు పక్కల ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. డిజైనర్ బ్రూనో సాకో పేరుతోనే వాటిని పిలుస్తారు. చూడటానికి హుందాగా ఉంటాయి, తుప్పును దాచడంలోనూ అంతే సమర్థమైనవి. వెల్డింగ్ రానివాడు ఇంజను చూసి ఈ కారు కొనకూడదు, అడుగు చూసి కొనాలి.

బీఎండబ్ల్యూ దగ్గరికి వద్దాం. ఈ46 రకం 1998లో వచ్చింది, ముప్పై లక్షలకు పైగా అమ్ముడైంది. 2000 నుంచి వచ్చిన 325 ఐ, 330 ఐలలో ఉండే ఎం54 ఇంజను కూడా వరస ఆరు సిలిండర్లదే. నడపడానికి బెంజ్‌కూ దీనికీ పోలికే లేదు. మలుపులో బెంజ్ ‘ఆలోచించి చెబుతాను’ అంటుంది, ఇది మీరు అడిగేలోపే తిరిగిపోతుంది. ఆయిల్ ఫిల్టరు ఇంజను ముందు వైపు పైనే ఉంటుంది. మూత తిప్పి, కాగితపు ఫిల్టరు మార్చి, ఆరున్నర లీటర్లు పోస్తే అయిపోయింది. చాలా విడిభాగాలు కంపెనీకి సరఫరా చేసినవాళ్ళే తమ సొంత పెట్టెల్లో బయట అమ్ముతారు, ధర తక్కువ.

అయితే దీని ఆయువుపట్టంతా ప్లాస్టిక్‌లో ఉంది. కూలెంట్ తొట్టి, రేడియేటర్ కొసలు, థర్మోస్టాట్ గూడు, గొట్టాల కొసన ఉండే క్లిప్పులు, అన్నీ ప్లాస్టిక్కే. లక్ష కిలోమీటర్ల ప్రాంతంలో ఇవన్నీ కలిసికట్టుగా ముసలివవుతాయి. బెంజ్ రేడియేటర్ మెడ కూడా ప్లాస్టిక్కే, అదీ విరుగుతుంది. తేడా ముల్లులో ఉంది. బెంజ్ ఉష్ణోగ్రత ముల్లు కొండెక్కితే ఎక్కుతున్నట్టే చూపిస్తుంది. ఈ46 ముల్లు దాదాపు 75 డిగ్రీల నుంచి 115 డిగ్రీల దాకా నడిమధ్యనే నిలిచేలా అమర్చారు. నడిపేవాడు కంగారు పడకూడదని చేసిన ఏర్పాటట! అది కదిలేసరికి వ్యవహారం చేయి దాటి ఉంటుంది. అల్యూమినియం ఇంజను అంత వేడి ఓర్చుకోదు. సిలిండర్ల మీది హెడ్డు వంగుతుంది, హెడ్డు బోల్టుల మరలు బ్లాకులోంచి ఊడి వచ్చేస్తాయి. అప్పుడిక బాగుచేయించే ఖర్చు కారు ధరను మించిపోతుంది.

ఊరట ఏమిటంటే, ఈ పని మొత్తం ఇంటి దగ్గరే ఒక్క రోజులో చేసుకోవచ్చు. ఫ్యాను ఇంజనే తిప్పే విస్కస్ రకమైతే దాన్ని పట్టి ఉంచే నట్టుకు 32 మిల్లీమీటర్ల స్పానర్ కావాలి. దాని మరలు ఎడమవి. అలవాటు కొద్దీ అపసవ్యంగా తిప్పితే ఇంకా బిగుస్తుంది. ఫ్యాను తీశాక రేడియేటర్, తొట్టి, పంపు, థర్మోస్టాట్ ఒక్కటొక్కటిగా చేతికి వస్తాయి. అసలు పరీక్ష చివర్లో, గాలి తీసేటప్పుడు. ఇంజను స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పి, హీటర్‌ను పూర్తి వేడిమీద, దాని ఫ్యానును అతి తక్కువ వేగంలో పెట్టాలి. తొట్టి పక్కనున్న ప్లాస్టిక్ మరను వదులుచేసి కూలెంట్ నింపుతూ పోవాలి. మొదట బుడగలు ఉమ్ముతుంది, తరవాత దగ్గినట్టు కొంచెం కొంచెం వదులుతుంది, చివరికి బుడగ లేని సన్నటి ధార వస్తుంది. అక్కడ బిగించి ఆపాలి. మొదటిసారి నేను ఇంకో పావు చుట్టు భద్రంగా ఉంటుందని బిగించాను. మర తల తెగి చేతిలోకి వచ్చింది. తప్పు పూర్తిగా నాదే, అంతా మళ్ళీ దించాల్సి వచ్చింది. ప్లాస్టిక్ మరకు వేళ్ళ బలం చాలు, మణికట్టు అక్కరలేదు.

కంప్యూటర్ ఉద్యోగం చేసేవాడికి ఈ46లో ఇంకో సుఖం ఉంది. చవక తీగ, పాత ల్యాప్‌టాప్ ఉంటే ఏ సిలిండర్ తడబడుతోందో ఇంజనే చెబుతుంది. మీటర్ల పలకలో ఒక రహస్య పరీక్షల మెనూ కూడా ఉంది. ఛాసిస్ నంబరు చివరి ఐదంకెల మొత్తమే దానికి తాళంచెవి. అది తెరిస్తే కూలెంట్ అసలు ఉష్ణోగ్రత అంకెల్లో కనిపిస్తుంది. ముల్లు దాచింది ఈ దొడ్డిదారిన బయటపడుతుందన్నమాట. మిగతా జబ్బులు వాల్వుల టైమింగ్ సర్దే వానోస్ సీళ్ళు, ఆయిల్ ఆవిరిని వేరుచేసే డబ్బా, కిటికీ అద్దాలు ఎత్తే యంత్రాలు. వీటిలో భయపడాల్సింది లేదు, విసుగు మాత్రం ఉంది. ఒక్కదానికి భయపడాలి: వెనక ఇరుసును మోసే సబ్‌ఫ్రేము బిగించే చోట అడుగు రేకు పగుళ్ళు. లిఫ్టు మీద ఎత్తి, టార్చి వేసి చూడకుండా బయానా ఇవ్వకండి.

ఆడీ ఏ4 సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 1994లో వచ్చిన బీ5 రకం, 1.8 టర్బో. లోపల కూర్చుంటే మూడింటిలో ఇదే బాగుంటుంది. కానీ ఇంజను ముందు చక్రాల ఇరుసును దాటి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దాంతో టైమింగ్ బెల్టు మార్చాలంటే బంపరు ఊడదీసి, రేడియేటర్‌తో సహా ముఖమంతా ముందుకు జరపాలి. ఆ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్ల మీద పడతాయి, కాబట్టి వాయిదా కుదరదు. ముందు సస్పెన్షన్‌లో ఒక్కో చక్రానికి నాలుగేసి ఆర్ములు. పై రెండింటినీ పట్టి ఉంచే పొడుగాటి బోల్టు అల్యూమినియంలో తుప్పుపట్టి అతుక్కుపోతుంది. ఎంతటి ఓర్పుగలవాడినైనా బూతులు తిట్టించే బోల్టు అది. సొంత లిఫ్టు లేనివాడికి నేను ఈ కారు చెప్పను.

డబ్బు లెక్క కూడా చూడాలి. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 30 ఏళ్ళు నిండి, కారు అసలు రూపంలో బాగుంటే జర్మనీలో ‘హెచ్’ నంబరు పలక వస్తుంది. అప్పుడు ఏడాది పన్ను ఇంజను ఎంతదైనా 191 యూరోలే. యూరో 1 కాలుష్య తరగతిలో ఉన్న 300 ఈకి ఆ పలక లేకపోతే వంద సీసీకి 15.13 యూరోల చొప్పున 450 యూరోలు దాటుతుంది. 2.5 లీటర్ల 325 ఐకి వంద సీసీకి 6.75 చొప్పున 168.75 యూరోలు. అంటే పలక ఉన్నా బెంజ్‌కే కాస్త ఎక్కువ. హెచ్ పలకతో బోలెడు మిగులుతుందన్న మాట నమ్మి కొనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. రెండేళ్ళకోసారి జరిగే ట్యూఫ్ (కారు రోడ్డెక్కడానికి తగునా అని చూసే) తనిఖీ రెండింటికీ ఒకటే, తుప్పు తనిఖీదారు కంట పడకుండా పోదు.

ఇక నా తీర్పు. ఇంట్లో వేరే కారు ఉండి, నేర్చుకోవాలన్న సరదా ఉంటే 1992కు ముందరి 300 ఈ. అడుగు గట్టిగా ఉండాలి, ఇంజను లీకులు చూసి బేరం ఆడుకోవచ్చు. సోమవారం పొద్దున ఆఫీసుకు పోవాల్సిన కారు ఇదొక్కటే అయితే 325 ఐ. కాకపోతే కొన్న మొదటి శనివారమే కూలెంట్ వ్యవస్థ మొత్తం మార్చాలి. ‘ఇంకా లీకు లేదుగా’ అని వాయిదా వేసే స్వభావం మీదైతే ఆ కారు మీకు పనికిరాదు, బెంజ్ కొనండి. అది మీ బద్ధకాన్ని కొన్ని నెలలు భరిస్తుంది.

పోయిన నెల అడిగిన తమ్ముడికి ఇదే చెప్పాను. అతనికున్నది ఒక్క కారు పట్టే చోటే. పక్కనున్న ఎస్లింగెన్‌లో ఒక వెండిరంగు 325 ఐ ఉందంటే చూడటానికి ఇద్దరం వెళ్ళాం. అతను పెయింటు మీద చెయ్యి వేసి మురిసిపోతున్నాడు. నేను బానెట్ ఎత్తి, టార్చి వెలుతురులో కూలెంట్ తొట్టి అతుకు వెంట వేలు పోనిచ్చాను. వేలికి సన్నటి తెల్లటి పొడి అంటింది, లీకైన కూలెంట్ ఎండిన గుర్తు అది. ఆ వేలు అమ్మే పెద్దమనిషికి చూపించాను. ఆయన ఒక్క నిమిషం ఏమీ అనలేదు, తరవాత తనంతట తానే నాలుగు వందల యూరోలు తగ్గించాడు. వచ్చే శనివారానికి 32 స్పానర్ నాది, కాఫీ అతనిది.