బీమ్-కాలమ్ జాయింట్ అంచనా: కాంపోనెంట్ లెక్కా, ఫైనైట్ ఎలిమెంట్ మోడలా?

చెన్నై డిజైన్ ఆఫీసుల్లో చేరిన మన తెలుగు ఇంజనీర్లకు ఈ సందేహం తరచూ వస్తుంది. బోల్టెడ్ ఎండ్ ప్లేట్ జాయింట్ (బీమ్ చివర వెల్డ్ చేసిన ప్లేట్‌ను కాలమ్‌కు బోల్టులతో బిగించేది) బలం తెలిస్తే చాలనుకుంటే నా ఓటు కాంపోనెంట్ పద్ధతికే.

యూరప్ ఉక్కు డిజైన్ కోడ్ యూరోకోడ్ 3, భాగం 1-8లో ఉన్నదిదే. ఎండ్ ప్లేట్ వంగడం, కాలమ్ ఫ్లాంజ్ (అంచు పలక) వంగడం, బోల్టులు లాగబడడం, కాలమ్ వెబ్ (నడిమి పలక) షియర్ ఇలా దేనికది లెక్కగట్టి, ముందు లొంగేదాన్ని పట్టుకుంటాం. ఎక్సెల్ షీటు చాలు. ఏది ముందు పోతుందో కూడా కళ్లకు కడుతుంది.

చిక్కంతా డక్టిలిటీ, అంటే తెగకుండా సాగే గుణం దగ్గరే. జాయింట్ ఎన్ని రేడియన్లు తిరిగాక తెగుతుందో ఈ పద్ధతి చెప్పదు. ప్లేట్ వంపే ముందు లొంగే జాయింట్లకు మందం మీద ఒక హద్దు మాత్రం పెడుతుంది: బోల్టు వ్యాసాన్ని 0.36తో గుణించి, బోల్టు అంతిమ బలాన్ని (తెగే దగ్గరి బలం) ప్లేట్ ఈల్డ్ బలంతో (శాశ్వతంగా వంగడం మొదలయ్యే బలం) భాగిస్తే వచ్చేదాని వర్గమూలంతో మళ్లీ గుణించాలి. 8.8 గ్రేడ్ ఎం20 బోల్టు (వ్యాసం 20 మి.మీ., అంతిమ బలం 800 ఎంపీఏ), ఈ250 ప్లేట్ (ఈల్డ్ 250 ఎంపీఏ) అయితే 12.9 మి.మీ. అంటే 12 మి.మీ. ప్లేట్ పాస్, 16 ఫెయిల్. "ఇంకాస్త గట్టిగా ఉంటుంది కదా సార్" అని మందం పెంచితే ప్లేట్ వంగేలోపే బోల్టు తెగొచ్చు.

పైగా 250 అనేది కనీస విలువ. వచ్చిన ప్లేట్ 320 చూపిస్తే హద్దు 11.4కు దిగి, 12 కూడా ఫెయిలవుతుంది! బలం లెక్కలో ఇది లాభంలా కనిపిస్తుంది, అదే ప్రమాదం.

మరి జాయింట్‌ను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌లో లెక్కగట్టే ఫైనైట్ ఎలిమెంట్ దీన్ని పట్టేస్తుందా? ప్లేట్, బోల్టుల అసలు స్ట్రెస్-స్ట్రెయిన్ వక్రరేఖలు, కాంటాక్ట్ (భాగాలు ఒకదానికొకటి తగిలే తీరు), బోల్టు ప్రీలోడ్ (ముందే బిగించిన బలం) సరిగ్గా ఇస్తే వంపు బాగానే చూపిస్తుంది. తెగడం మాత్రం, లోహం ఎప్పుడు దెబ్బతిని తెగుతుందో చెప్పే డామేజ్ మోడల్ పెడితేనే కనిపిస్తుంది, లేదంటే గ్రాఫ్ హాయిగా ముందుకు పోతూనే ఉంటుంది. ఆ మోడల్ సంఖ్యలకూ పరీక్ష ఫలితాలే ఆధారం. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో బాగా సాగుతాయని నమ్మిన వెల్డెడ్ జాయింట్లే పెళుసుగా పగిలాయి. వంకర బీమ్, బాక్స్ కాలమ్ లాంటి వాటికైతే మోడల్ చేయక తప్పదు. మెషిన్ లెర్నింగ్ అంటారా, శిక్షణ డేటాలో లేని జాయింట్‌కి దాన్ని నమ్మను.

భూకంప ఫ్రేముల్లో ఒకే జాయింట్ వందలసార్లు వాడుతుంటే ల్యాబ్ పరీక్షకు ఖర్చు పెట్టొచ్చు. చెన్నై తరమణిలోనే నిర్మాణ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్-ఎస్ఈఆర్‌సీ ఉంది. ఒరగడంలో మామూలు షెడ్డుకైతే మిల్ సర్టిఫికెట్ (ఉక్కు కర్మాగారం ఇచ్చే పరీక్ష పత్రం) తెప్పించి, అందులోని ఈల్డ్‌తో హద్దు మళ్లీ చూడండి. 320 వచ్చినా ఎం24 బోల్టుతో అది 13.7 అవుతుంది, 12 మి.మీ. ప్లేట్ మార్చక్కర్లేదు. రంధ్రాల దూరాలు మాత్రం మళ్లీ సరిచూడాలి.