గ్యాస్ లైన్ బాల్ వాల్వులకు సీల్‌వెల్డ్ వాల్వ్ క్లీనర్ ప్లస్: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

వాల్వ్ పాస్ అవుతోందనగానే, అంటే మూసినా గ్యాస్ దాటిపోతోందనగానే, చాలా స్టేషన్లలో మొదట చేసే పని చిక్కటి సీలెంట్ (సందులను మూసే జిగట సరుకు) ఎక్కించడం. ఆ పూటకు లీకు ఆగుతుంది, లాగ్ బుక్‌లో పని పూర్తయినట్టు రాసేస్తారు. కొన్ని నెలలు పోయాక ఆ సీలెంటే సీటు (బాల్‌కు ఆని గ్యాస్‌ను ఆపే రింగు) వెనక గట్టిపడుతుంది. ట్రనియన్ బాల్ వాల్వులో బాల్, అంటే తిరిగి దారిని తెరిచి మూసే రంధ్రమున్న గోళం, తన ఇరుసు మీద పక్కకు జరగకుండా కూర్చుంటుంది. స్ప్రింగుల బలంతో ముందుకొచ్చి బాల్‌కు అతుక్కోవాల్సింది సీటు రింగే. రింగు వెనక గడ్డకట్టిన సరుకు ఉంటే ఆ కదలిక పోతుంది, సీలెంట్ వెళ్లే సన్నటి దారులు కూడా మూసుకుపోతాయి. నిజంగా అవసరం పడిన రోజున ఏదీ లోపలికి వెళ్లదు.

అందుకే ఈ గట్టిపడిన సరుకును మెత్తబరిచే క్లీనర్‌ను సీలెంట్ కంటే ముందు కొనాల్సిన సరుకుగా చూడాలి. వాల్వ్ క్లీనర్ ప్లస్ తయారుచేసే సీల్‌వెల్డ్ కెనడాలోని కాల్గరీ కంపెనీ. పైప్‌లైన్ వాల్వులకు వాడే లూబ్రికెంట్లు, సీలెంట్లు, వాటిని ఎక్కించే పంపులు దాని ప్రత్యేకత. హ్యూస్టన్‌కు చెందిన వాల్‌టెక్స్ అమ్మే వాల్వ్ ఫ్లష్ కూడా ఈ కోవలోదే. కింద చెప్పిన పద్ధతి రెండింటికీ పనికొస్తుంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. సహజవాయువు లైన్ల మీద ఉన్న ట్రనియన్ బాల్ వాల్వులకు వాల్వ్ క్లీనర్ ప్లస్ పెట్టిన డబ్బుకు తగిన సరుకు. పాస్ అవుతున్నట్టు కనిపించే వాల్వుల్లో చాలావాటి జబ్బు మురికే. ఎండిన పాత గ్రీజు, లైన్‌లో కొట్టుకొచ్చే నల్లపొడి, హైడ్రోటెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే లైన్ పరీక్ష) తర్వాత మిగిలిన నీటితో పట్టిన తుప్పు, ఇవన్నీ సీటుకీ బాల్‌కీ మధ్య చేరతాయి. క్లీనర్ చేసే పని ఈ గట్టి సరుకులోకి నెమ్మదిగా ఇంకి, మెత్తబరిచి, కదిలేలా చేయడం. దానికి ఉండాల్సిన ముఖ్యగుణం నిలకడ. పోసిన వెంటనే జారిపోకుండా సీటు గాడిలోనే ఉండి పనిచేయాలి.

డీజిల్ గానీ కిరోసిన్ గానీ ఈ పని చేయలేవు. పల్చగా ఉండటంవల్ల తెరిచి ఉన్న దారి వెంట జారిపోతాయి, మూసుకున్న చోటికి చేరవు. పైగా ఓ-రింగులన్నీ వాటిని తట్టుకోలేవు. ఈపీడీఎం రబ్బరు డీజిల్‌లో ఉబ్బి పాడవుతుంది. బేరింగులకు వాడే మామూలు లిథియం గ్రీజు ఎక్కించడం మరో తప్పు. లైన్‌లోని కండెన్సేట్ (గ్యాస్ నుంచి ద్రవంగా మారిన తేలిక నూనె) ఆ గ్రీజులోని నూనెను కడిగేస్తుంది, మిగిలిన సబ్బు పదార్థం గట్టిపడి దారులను మూసేస్తుంది. క్లీనర్ డబ్బా తెరిచేముందు ఈ రెండు అలవాట్లూ మానాలి.

క్లీనర్ జోలికి వెళ్లేముందు వాల్వ్ పూర్తిగా మూసుకుంటోందో లేదో చూడాలి. గేర్‌బాక్స్ లేదా యాక్చుయేటర్ (వాల్వ్‌ను తిప్పే యంత్రం) మీదున్న స్టాప్ బోల్టులు కాస్త తప్పినా బాల్ ఒకటి రెండు డిగ్రీలు తేడాగా ఆగుతుంది. అలాంటి వాల్వులోకి ఎంత క్లీనర్ ఎక్కించినా లీకు తగ్గదు. సూచిక ముల్లును నమ్మొద్దు, స్టెమ్ (బాల్‌ను తిప్పే కడ్డీ) మీది గుర్తును చూసుకోవాలి. సముద్రతీరంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఉప్పుగాలికి బోల్టులు, సూచిక ఫలకాలు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. సీలు పోయిన గేర్‌బాక్స్‌లో వాననీరు చేరుతుంది. అప్పుడు వాల్వ్ బిగుసుకుందని అనుకుంటాం గానీ బిగుసుకున్నది గేర్‌బాక్సే. కోనసీమ వైపు లైన్లలో పనిచేసేవాళ్లు దీన్ని మొదట చూడాలి.

తర్వాత బాడీ వెంట్ పరీక్ష. వాల్వ్ పూర్తిగా మూసి, బాడీ కావిటీలోని (రెండు సీట్ల మధ్య ఖాళీలోని) గ్యాస్‌ను వెంట్ ద్వారా వదలాలి. కాసేపటికి గ్యాస్ రావడం పూర్తిగా ఆగితే రెండు సీట్లూ బాగున్నట్టు. ఆగకుండా వస్తుంటే కనీసం ఒక సీటు పాస్ అవుతున్నట్టు. క్లీనర్ వాడకముందు ఎలా ఉందో, వాడాక ఎలా ఉందో పోల్చడానికి ఇదే కొలమానం. వెంట్ తెరిచేటప్పుడు లోపలి చిన్న స్క్రూనే తిప్పాలి, బయటి ప్లగ్ జోలికి పోకూడదు. అది ఊడితే బుల్లెట్‌లా వస్తుంది. గ్యాస్ వచ్చే దిక్కుకు ఎదురుగా నిలబడకూడదు. గ్యాస్ డిటెక్టర్ చేతిలో ఉండాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండే లైనైతే దానికి తగిన ఏర్పాట్లు వేరు.

ఎస్‌వీ స్టేషన్లలో (లైన్‌ను భాగాలుగా విడదీసే సెక్షనలైజింగ్ వాల్వ్ స్టేషన్లు) గ్యాస్-ఓవర్-ఆయిల్ యాక్చుయేటర్లకు, అంటే గ్యాస్ ఒత్తిడితో నూనెను తోసి పనిచేసేవాటికి, లైన్ తెగితే వాల్వ్‌ను తానే మూసే లైన్ బ్రేక్ డిటెక్షన్ ఉంటుంది. పని మొదలుపెట్టేముందు కంట్రోల్ రూమ్‌కు చెప్పి, పర్మిట్ తీసుకుని, యాక్చుయేటర్‌కు పవర్ గ్యాస్ కట్టేసి, తాళం వేసి, ట్యాగ్ కట్టాలి. లేకపోతే చెయ్యి గేర్ దగ్గరున్నప్పుడే వాల్వ్ తనంతట తాను మూసుకోవచ్చు.

ఇక ఎక్కించడం. వాల్వ్ పూర్తిగా తెరిచి ఉండాలి, లేదా పూర్తిగా మూసి ఉండాలి. సగంలో ఉంటే సీటు చుట్టూ బాల్ ఆనదు, ఎక్కించిన సరుకంతా పైపులోకి పోతుంది. వాల్వ్ మీది గ్రీజు ఫిటింగుల్లోంచి క్లీనర్‌ను లోపలికి కొట్టే గన్‌కు ఒత్తిడి చూపే గేజ్ తప్పనిసరి. గేజ్ లేని గన్‌తో వాల్వ్ సర్వీసింగ్ చేయకూడదు. 10,000 పీఎస్ఐ దాకా లేపగల గన్లు ఉన్నంత మాత్రాన అంత ఒత్తిడి పెట్టాలని లేదు. వాల్వ్ తయారీదారు ఇచ్చిన పరిమితే పరిమితి. ఎక్కువైతే సీటులోని నైలాన్ ఇన్సర్ట్ (బాల్‌కు ఆనే మెత్తటి వలయం) గాడిలోంచి లేచి వస్తుంది.

ఒక స్ట్రోక్ కొట్టి ఆగి గేజ్ చూడాలి. ముల్లు పెరిగి, మెల్లగా దిగి లైన్ ప్రెషర్ దగ్గర నిలిస్తే దారి తెరిచే ఉంది. ఎంతసేపటికీ దిగకుండా పైనే నిలిస్తే దారి మూసుకుపోయింది. సున్నాకు పడిపోతే వాల్వ్‌ను అనుమానించేముందు హోస్‌ను, కప్లర్‌ను చూడాలి. దారి మూసుకున్న ఫిటింగ్ దగ్గర బలప్రయోగం వద్దు. పరిమితికి లోబడి ఒత్తిడి నిలిపి, కొన్ని గంటలు వదిలి, మళ్లీ కొట్టాలి. ఈలోగా అదే సీటుకున్న మిగతా ఫిటింగుల నుంచి ఎక్కించొచ్చు. ఒకవైపు నుంచి వెళ్లిన క్లీనర్ సీటు గాడి చుట్టూ తిరిగి రెండోవైపు అడ్డాన్ని కూడా నానబెడుతుంది. ఈ ఓపిక ఉన్నవాళ్ల చేతిలోనే ఈ సరుకు విలువ తెలుస్తుంది.

ఎంత ఎక్కించాలనేదానికి ఫీల్డులో వాడే లెక్క: వాల్వ్ సైజులో అంగుళానికి ఒక ఔన్సు, అదీ ఒక్కో సీటుకు. ఔన్సంటే 28.35 గ్రాములు. 12 అంగుళాల వాల్వుకు సీటుకు 340 గ్రాములు, రెండు సీట్లకు కలిపి 680. కాకినాడ–భరూచ్ లైన్‌లా 48 అంగుళాల లైనైతే ఒక్కో సీటుకు 1.36 కిలోలు, రెండింటికీ 2.7 కిలోల పైమాట. ఇది మొదటి అంచనా మాత్రమే. లోపలి గాడుల పరిమాణం తయారీదారును బట్టి మారుతుంది, కాబట్టి ఆ కంపెనీ పట్టిక దొరికితే దాన్నే పాటించాలి. మొత్తాన్ని ఆ సీటుకున్న ఫిటింగులన్నింటికీ సమంగా పంచాలి. ఒకే ఫిటింగ్ నుంచి అంతా ఎక్కిస్తే సీటు అడుగుభాగానికి చేరేది తక్కువ. మురికి ఎక్కువ చేరేదీ అక్కడే. పెద్ద సైజులకు చేతి గన్‌తో తంటాలు పడకుండా ఎయిర్ పంపు తెప్పించుకోవడం మేలు.

ఎక్కించాక కనీసం రాత్రంతా నానాలి. ఏళ్ల తరబడి ముట్టుకోని వాల్వైతే రెండు మూడు రోజులు వదలడమే మంచిది, మధ్యలో కొంచెం కొంచెం మళ్లీ ఎక్కిస్తూ ఉండాలి. మధ్యాహ్నం ఎక్కించి సాయంత్రం పరీక్షించి ఇది పనిచేయలేదని తీర్పు చెప్పేవాళ్లకు ఈ సరుకు నచ్చదు. నానాక, కంట్రోల్ రూమ్ ఒప్పుకుంటే వాల్వ్‌ను నిండా తెరిచి మూయాలి. ఒప్పుకోకపోతే కొన్ని డిగ్రీలైనా కదపాలి. కదలికతోనే మెత్తబడిన మురికి సీటు నుంచి వదులుతుంది. ఆ తర్వాత బాడీ డ్రెయిన్ ద్వారా అడుగున చేరినదాన్ని బయటికి తీయాలి. వచ్చేది నల్లపొడి అయితే జాగ్రత్త. అందులో ఐరన్ సల్ఫైడ్ ఉంటే గాలి తగిలి దానంతట అదే వేడెక్కి అంటుకోవచ్చు. తడిగుడ్డతో పట్టి, తడిగానే ఉంచి పారవేయాలి.

కొందరు ఇక్కడితో ఆపేస్తారు, ఆపకూడదు. క్లీనర్‌ను లోపలే వదిలేస్తే సీటుకు రక్షణ పొర ఉండదు. దాన్ని తోసేసేంత మోతాదులో తేలికపాటి సింథటిక్ లూబ్రికెంట్ ఎక్కించాలి. సీల్‌వెల్డ్‌లోనే ఈక్వా-ల్యూబ్ ఎయిటీ ఇందుకు సరిపోతుంది. అదే లెక్క, అదే తీరు. అప్పుడు మళ్లీ వెంట్ పరీక్ష చేసి మొదటిదానితో పోల్చాలి. ఇంకా పాస్ అవుతుంటేనే, అదీ లైన్ ఆపే వీలు లేనప్పుడే చిక్కటి సీలెంట్ వైపు వెళ్లాలి.

ఈ క్లీనర్ చేయలేని పనులూ స్పష్టంగా ఉన్నాయి. నిర్మాణం రోజుల్లో లైన్‌లో మిగిలిన వెల్డింగ్ స్లాగ్ బాల్ మీద గీత పెట్టి ఉంటే అది పూడదు. ఇన్సర్ట్ చిరిగితే అతకదు. స్టెమ్ దగ్గర బయటికి వచ్చే లీకు ఓ-రింగు తెగినందువల్లైతే దానికీ దీనికీ సంబంధం లేదు. లూబ్రికేటెడ్ ప్లగ్ వాల్వుల్లో వాడొచ్చు గానీ ఆ వాల్వ్ మూసుకునేదే సీలెంట్ పొరతో. కాబట్టి క్లీనర్ నానిన వెంటనే సీలెంట్ నింపాలి, క్లీనర్‌తోనే సర్వీసులో పెట్టకూడదు. అలాగే గ్రీజు ఫిటింగే లీకవుతుంటే క్లీనర్ ఎక్కించబోకండి. లైన్ ప్రెషర్‌లో ఫిటింగ్ విప్పితే, లోపలి చెక్ వాల్వ్ (గ్యాస్ వెనక్కి రాకుండా ఆపేది) తెరుచుకుని ఇరుక్కుపోయి ఉన్నప్పుడు ఆపే మార్గం లేదు. పైనుంచి బిగించే లీక్ అడాప్టర్ పెట్టాకే మిగతా పని.

కొనేటప్పుడు గన్‌కు సరిపడే ప్యాకింగ్, బటన్‌హెడ్ ఫిటింగ్ కప్లర్ సైజు ముందే చూసుకోవాలి. సీటు ఇన్సర్టులు, ఓ-రింగులు ఏ పదార్థంతో చేసినవో వాల్వ్ డేటాషీట్‌లో చూసి సరఫరాదారు దగ్గర రాతపూర్వకంగా ధ్రువీకరించుకోవాలి. ఎంత తెప్పించాలో లెక్కించడానికి వార్షిక తనిఖీని ఆధారం చేసుకోండి. అమెరికా గ్యాస్ పైప్‌లైన్ భద్రతా నిబంధనల్లో సెక్షన్ 192.745 ప్రకారం అత్యవసరంలో వాడాల్సి వచ్చే వాల్వులను ఏడాదికొకసారి, 15 నెలల వ్యవధి మించకుండా పరీక్షించి కొంతైనా కదపాలి. అదే వరసను పాటించే స్టేషన్‌లో ఒక్కో వాల్వుకు పైన చెప్పిన మోతాదు, ఏళ్లుగా పట్టించుకోని వాల్వులకు దానికి రెట్టింపు, లూబ్రికెంట్ కూడా అంతే పరిమాణంలో వేసి ఆర్డర్ పెడితే మధ్యలో తరగదు.