అసలు మెడికేర్, అడ్వాంటేజ్: రెండింటినీ ఇంట్లో చూశాక

అమెరికాలో 65 ఏళ్ళు దాటినవారికి, పని చేయలేని స్థితిలో ఉన్న వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్. మా ఇంట్లో అమ్మ ప్రభుత్వం నేరుగా నడిపే అసలు మెడికేర్‌లో ఉంది. మా మామగారు అదే మెడికేర్ పేరుతో ప్రైవేటు కంపెనీ నడిపే అడ్వాంటేజ్ ప్లాన్‌లో చేరారు. రెండింటినీ దగ్గరగా చూశాక నా అభిప్రాయం ముందే చెబుతాను: నెలనెలా ఎక్కువ కట్టాల్సి వచ్చినా, పంటికీ కంటికీ చెవికీ పెద్దగా అక్కరకు రాకపోయినా, అసలు మెడికేరే మేలైన సేవ. కాపాడుకోవాల్సిందీ దాన్నే.

ముందుగా ఖర్చు సంగతి. ఇక్కడ పదేళ్ళు పన్ను కట్టి పని చేసినవారికి, వారి జీవిత భాగస్వామికి ఆసుపత్రి భాగమైన పార్ట్ ఎ ఉచితంగా వస్తుంది. గ్రీన్‌కార్డు మీద వచ్చిన మన తల్లిదండ్రులకు ఆ అర్హత ఉండదు. కొడుకో కూతురో కట్టిన పన్ను వాళ్ళ లెక్కలోకి రాదు. అయిదేళ్ళు ఎడతెగకుండా ఇక్కడ నివసించాక ప్రీమియం కట్టి కొనుక్కోవాలి. 2025లో పార్ట్ ఎ పూర్తి ప్రీమియం నెలకు 518 డాలర్లు, డాక్టర్ల ఖర్చు చూసే పార్ట్ బి 185 డాలర్లు. పార్ట్ బి చెల్లించగా మనకు మిగిలే 20 శాతం వాటాను భరించే ప్రైవేటు మెడిగ్యాప్ పాలసీ, మందుల పార్ట్ డి దీనికి అదనం. తక్కువేమీ కాదు. పైగా అమ్మ చలికాలం విజయవాడలో గడుపుతానంటే అక్కడి వైద్యానికి మెడికేర్ పైసా ఇవ్వదు.

అంత కట్టినందుకు ఏమొస్తుందో చెప్పాలి. అమ్మకు కొన్ని నెలలకోసారి తపాలాలో ఒక వివరణ పత్రం వస్తుంది. దాని మీద పెద్ద అక్షరాలతో ‘ఇది బిల్లు కాదు’ అని ఉంటుంది. లోపల డాక్టరు ఎంత అడిగారు, మెడికేర్ ఎంత ఒప్పుకుంది, ఎంత చెల్లించింది, మన వాటా గరిష్ఠంగా ఎంత అనేవి వరుసగా గడుల్లో ఉంటాయి. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ గడులన్నీ వేలితో చూపిస్తూ చదువుతుంది. గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఆమె ఎవరి అనుమతీ అడగలేదు, నెట్‌వర్క్ జాబితా వెతకలేదు. మెడికేర్ తీసుకునే డాక్టరైతే చాలు, అది ఏ రాష్ట్రమైనా సరే.

మామగారి అనుభవం వేరు. అదనపు ప్రీమియం లేదన్నారు, పళ్ళకు సాయమన్నారు, జిమ్ ఉచితమన్నారు. ఏజెంటు మాటలు వినసొంపుగానే ఉన్నాయి. మోకాలి మార్పిడి ఆపరేషన్ దాకా ఫిర్యాదు కూడా లేదు. ఆ తర్వాత పునరావాస కేంద్రంలో ఆయన రెండు మెట్లు ఎక్కలేక రెయిలింగ్ పట్టుకుని ఆగిపోతున్న రోజుల్లోనే, ఇక అక్కడ ఉండాల్సిన వైద్య అవసరం లేదని కంపెనీ నుంచి కాగితం వచ్చింది. ఫిజియోథెరపిస్టు ఉండాలంటున్నారు, ఆయన్ని కళ్ళతో చూడనివాళ్ళు వద్దంటున్నారు. వెంటనే అప్పీలు చేశాం, గెలిచాం. ఇది మా ఒక్కరి కథ కాదు. చికిత్సకు ముందే అడగాల్సిన అనుమతుల్లో 2022లో అడ్వాంటేజ్ కంపెనీలు తిరస్కరించినవాటిలో అప్పీలుకు వెళ్ళినవి పదో వంతు కూడా లేవు. వెళ్ళినవాటిలో 80 శాతానికి పైగా పూర్తిగానో కొంతవరకో రోగి పక్షానే తేలాయి. భాష రాని ముసలివాళ్ళు ఆ కాగితం చూసి మారు మాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోతారన్నది నా అనుమానం.

పోనీ, ఇది ప్రభుత్వానికైనా ఆదానా అంటే అదీ లేదు. అవే మనుషులు అసలు మెడికేర్‌లో ఉంటే అయ్యే ఖర్చు కంటే అడ్వాంటేజ్ కంపెనీలకు 2025లో దాదాపు 8,400 కోట్ల డాలర్లు ఎక్కువ చెల్లించాల్సి వస్తుందని కాంగ్రెస్‌కు సలహాలిచ్చే మెడ్‌ప్యాక్ సంఘం అంచనా వేసింది. ఇప్పుడు ఆ అనుమతుల పద్ధతి అసలు మెడికేర్‌లోకీ అడుగు పెడుతోంది. టెక్సస్, న్యూజెర్సీ సహా ఆరు రాష్ట్రాల్లో 2026 జనవరి నుంచి కొన్ని చికిత్సలను కృత్రిమ మేధ వాడే కంపెనీలతో ముందుగా పరిశీలింపజేసే ప్రయోగాన్ని ప్రభుత్వం పెట్టింది. ఆపిన ఖర్చులో ఆ కంపెనీలకు వాటా ఉంటుంది. వెన్నునొప్పికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లూ ఆ జాబితాలో ఉన్నాయి. వద్దంటే డబ్బు వచ్చేవాడి చేతికి నిర్ణయం ఇవ్వడం నాకు మింగుడు పడటం లేదు.

వికలాంగుల విషయంలో అసలు పథకానికీ నేను పూర్తి మార్కులు వేయలేను. 1965లో చట్టమైన మెడికేర్‌ను 1972లో మరో చట్టం చేసి వారికి విస్తరించారు గానీ, వైకల్య భృతి మొదలయ్యాక 24 నెలలు ఆగాలన్న నిబంధన నేటికీ ఉంది. కండరాలను క్రమంగా చచ్చుబడేలా చేసే నరాల జబ్బు ఏఎల్ఎస్, కిడ్నీ వైఫల్యం వంటి వాటికే మినహాయింపు. 65 లోపు వికలాంగులకు మెడిగ్యాప్ అమ్మి తీరాలని కేంద్ర చట్టం చెప్పదు. అందుకే చాలామందికి అడ్వాంటేజ్ తప్ప దారి ఉండదు.

మనవాళ్ళలో చాలామంది గమనించని మార్పు ఇంకొకటి ఉంది. 2025 జూలై 4న సంతకమైన చట్టం మెడికేర్ అర్హతను పౌరులకు, గ్రీన్‌కార్డుదారులకు, మరి ఒకటి రెండు వర్గాలకు పరిమితం చేసింది. హెచ్1బి మీద పనిచేస్తూ ప్రతి జీతంలోంచి 1.45 శాతం మెడికేర్ పన్ను కడుతున్నవారు, గ్రీన్‌కార్డు వరుసలో ఉండగానే 65కు చేరితే, పదేళ్ళకు మించి కట్టినా అర్హులు కారు.

కొత్తగా చేరేవారికి ఒక్క మాట. 65 నిండి పార్ట్ బి మొదలైన మొదటి ఆరు నెలల్లో ఏ మెడిగ్యాప్ కంపెనీ అయినా జబ్బుల గురించి అడగకుండా పాలసీ ఇవ్వాలి. ముందు అడ్వాంటేజ్‌లో చేరి ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు ఉండే గడువులో వెనక్కి రావచ్చు గానీ, మొదటి ఏడాది దాటిపోతే చాలా రాష్ట్రాల్లో మెడిగ్యాప్ కంపెనీ కాదనవచ్చు. కమీషన్ తీసుకునే ఏజెంటుకు ఫోన్ చేసే ముందు, ప్రతి రాష్ట్రంలో ఉచితంగా సలహా ఇచ్చే షిప్ కేంద్రానికి ఫోన్ చేయండి.