తిప్పితే బిగిసే బూట్లు: రెండేళ్లు వాడాక

నాకు ఐదేళ్లుగా కీళ్లవాతం. ఈ జబ్బున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, పొద్దున లేవగానే వేళ్లు కొయ్యబారిపోయి ఉంటాయి. గంట, గంటన్నర గడిస్తేగానీ పిడికిలి పడదు. నడకకి నేను బయల్దేరేది ఐదున్నరకి. ఎండెక్కాక మా విశాఖ ఉక్కపోతలో బీచ్ రోడ్డు మీద నడవడం నా వల్ల కాదు. అంటే వేళ్లు అస్సలు మాట వినని వేళకే లేసులు కట్టుకోవాలి. మా ఆయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టి కట్టేవారు. ఆయనకి పొద్దున షిఫ్టు పడిన వారం నాకు నడక లేదు.

అందుకే లేసుల బదులు నాలిక మీద చిన్న చక్రం ఉన్న బూట్లు కొన్నాను. ఆరు వేలు దాటింది. చక్రం నొక్కి తిప్పితే సన్నటి ఉక్కు తీగ లోపల చుట్టుకుని బూటు బిగుస్తుంది, చక్రాన్ని పైకి లాగితే వదిలేస్తుంది. ఈ పద్ధతి 2001లో స్నోబోర్డు బూట్లతో మొదలైందట. మంచులో చేతితొడుగులు వేసుకున్నవాళ్లకి ముడి వేయడం ఎంత కష్టమో, తెల్లవారుజామున నా చేతికీ అంతే కష్టం. లేసు కట్టాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిసి చిమటాలా పట్టాలి. చక్రానికి ఆ పట్టు అక్కర్లేదు. అరచెయ్యి మొత్తం దాని మీద ఆనించి మణికట్టుతో తిప్పేస్తాను. టిక్, టిక్, టిక్. ఎడమకాలికి ఏడు టిక్కులు, కుడికాలికి ఎనిమిది. మొదటిరోజు ఎవరి సాయమూ లేకుండా గేటు తీసుకుని బయటికొచ్చినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

ఇంకో సుఖం నడుస్తుండగా తెలిసింది. కాళీమాత గుడి దగ్గర బయల్దేరినప్పుడు సరిపోయిన బిగువు, వుడా పార్కు దాకా వెళ్లేసరికి పాదం పొంగి ఎక్కువైపోతుంది. లేసుల రోజుల్లో ఆ నొప్పి ఓర్చుకునేదాన్ని, దారిలో విప్పి కట్టేవాళ్లెవరు? ఇప్పుడు గట్టు మీద కూర్చుని ఒకసారి వదిలి, ఐదు టిక్కులకే ఆపుతాను. తీగ నున్నగా జారుతుంది కాబట్టి బిగువు ఒక్కచోటే పట్టకుండా పాదం పైన అంతటా సర్దుకుంటుంది. మా నడక బృందంలో ముగ్గురి చేత ఇవే కొనిపించాను.

ఇక పోయిన కార్తీకంలో జరిగింది చెప్పాలి.

ఆదివారం కైలాసగిరి మెట్లదారిన ఎక్కాం. దిగుతుండగా సగం దారిలో కుడి బూటులో 'టప్' మని చిన్న చప్పుడు. రాయి తగిలిందనుకున్నాను. రెండు మెట్లు దిగేసరికి బూటు మొత్తం వదులైపోయింది. చూస్తే అడుగున తీగ వంపు తిరిగే చోట తెగిపోయి, పోగులు పోగులుగా విచ్చుకుని ఉంది. లేసు తెగితే తెగినచోట ముడేసుకుని ఇంటికి రావచ్చు. ఇక్కడ ఒకే తీగ బూటంతటినీ పట్టి ఉంచుతుంది. అది పోతే ఏమీ మిగలదు. దిగే దారిలో ప్రతి మెట్టుకీ పాదం ముందుకు జారి వేళ్లు బూటు ముక్కుకి గుద్దుకుంటున్నాయి. వాచిన కీళ్లతో అది ఎంత నరకమో!

కింద మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ నన్ను చూసి, "ఏటమ్మా, జోడు పాడైపోనాదా? ఇలా కూకో" అంది. నా వేళ్లు చూసి ఇంకేం అడగలేదు. బస్తాకి కట్టిన పురికొస విప్పి, బూటు అడుగు నుంచి పైకి రెండు చుట్లు తిప్పి, చీలమండ దగ్గర తనే ముడేసింది. డబ్బులిస్తే తీసుకోలేదు. రెండు పొత్తులు కొనుక్కుని ఇంటికొచ్చాను.

మర్నాడు పూర్ణామార్కెట్ వైపు చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన తీగని గోటితో గీకి చూపించాడు. "తాడైతే ముడేసెత్తును తల్లీ. దీనికి ముడి నిలవదు. ఉప్పుగాలికి తినేసినాది" అన్నాడు. నిజమే. స్టెయిన్‌లెస్ అన్నా ఉప్పు తేమకి నెమ్మదిగా గుంటలు పడతాయి. పైగా రోజూ అదే చోట వంగి లేస్తుంటే పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. అప్పుడు గుర్తొచ్చింది, అంతకు రెండు వారాల ముందే నా చీర ఫాల్‌ దారం బూటుకి పట్టుకుని లాగేసింది. తెగిన పోగు ఒకటి ముల్లులా లేచి ఉండబట్టే. ఆ రోజే చూసుకుని ఉండాల్సింది.

కంపెనీ వాళ్లు కొత్త తీగ, చక్రం పంపడానికి మూడు వారాలు పట్టింది. మా అక్క కొడుకు చిన్న స్క్రూడ్రైవరుతో బిగించాడు. ఈలోగా వెల్క్రో బూట్లు వాడాను. స్విస్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ తన కుక్క బొచ్చుకి అంటుకున్న కాయల్ని చూసి కనిపెట్టి, 1955లో పేటెంటు తీసుకున్న పట్టీ అది. మన చీర అంచుకి ఉత్తరేణి గింజలు పట్టుకున్నట్టే. పెట్టడం, తీయడం దానంత తేలిక ఇంకేదీ లేదు. కానీ బీచ్ ఇసుక, దారప్పోగులు ఆ కొక్కేల్లో ఇరుక్కుని నెల తిరక్కుండానే పట్టు తగ్గింది. పాత టూత్‌బ్రష్‌తో గీకుతూ ఉండాల్సొచ్చింది.

మొదట్లో అందరికీ చెప్పినదానిలో ఒక మాట సవరించుకోవాలి. బిగించడానికి వేళ్లు అక్కర్లేదు, నిజం. వదలడానికి మాత్రం చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పైకి లాగాలి, నాకు చేతకాని చిమటా పట్టు అదే. తయారుచేసినవాళ్లు తొడుక్కోవడం గురించి ఆలోచించినంతగా విప్పడం గురించి ఆలోచించలేదేమో. మనకి గుడి దగ్గర, చుట్టాలింటి గుమ్మంలో, మన గుమ్మంలోనే రోజుకి ఎన్నిసార్లు విప్పాలి! చెంచా కాడ చక్రం కిందికి దూర్చి పైకి లేపుతున్నాను. వెనక్కి తిప్పితే వదిలే చక్రాలు కూడా ఉన్నాయి. మళ్లీ కొంటే అదే చూస్తాను.

ఇప్పుడు వారానికోసారి చక్రాన్ని మంచినీళ్లతో కడిగి ఆరబెడుతున్నాను. తీగ మీద వేలు పోనిచ్చి పోగు లేచిందేమో చూస్తున్నాను. వేళ్లు బాగున్నవాళ్లు ఇంత ఖర్చు పెట్టాలా అంటే నేను పెట్టమనను. బడిపిల్లలకి వెల్క్రోనే నయం. నా చేతులకి, నా పొద్దున్నలకి మాత్రం ఇవి లేకుండా కుదరదు. తీగ పక్కనే మామూలు లేసుకి రెండు జతల కన్నాలు కూడా వదిలిన బూటు ఎవరైనా తెస్తే, ఇంకో వెయ్యి ఎక్కువైనా కొంటాను. అప్పటిదాకా కొండెక్కే రోజు సంచిలో రెండు బారల పురికొస పెట్టుకుని వెళ్తున్నాను.